నీళ్లు తాగే కాటా

మొన్న పింఛను పని మీద బ్యాంకుకు పోయి కౌంటరు ముందు నిలబడి ఉండగా, లోపలున్న అమ్మాయి తన కంప్యూటరు వెనకనుంచి ఏదో ఊడబీకింది. రెండు మెట్లు దిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. కంప్యూటరు వాడేవాళ్లందరికీ తెలిసిన చప్పుడే. ఏదైనా తగిలిస్తే రెండు మెట్లు ఎక్కుతుంది, ఊడితే రెండు మెట్లు దిగుతుంది. ఆ దిగే చప్పుడు చెవిన పడగానే నా నోటివెంట "పాయెరా అల్లుడు!" అని గట్టిగా వచ్చేసింది. వరసలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. నా వెనకున్న ముసలమ్మ, పాపం, "అయ్యో, ఎప్పుడు సామీ?" అని అడిగింది. నాకు అల్లుడే లేడు, ఉన్నవాళ్లిద్దరూ కొడుకులేనని చెప్పే ఓపిక లేక తల ఊపి ఊరుకున్నాను.

ఆ మాట నాది కాదు. గుంతకల్లు దాటి విడపనకల్లు రోడ్డు మీద ఒకప్పుడు లారీ కాటా ఉండేది. రోడ్డు పక్కన నేలమట్టంగా పెద్ద ఇనుప పలక, దాని పక్కన రేకుల గది, గదిలో కంప్యూటరు. లారీని సరుకుతో సహా పలక మీదికి ఎక్కిస్తే గదిలో తెర మీద బరువు పడుతుంది, చీటీ అచ్చవుతుంది. ఆ గదిలో కూర్చునే మనిషిది ఆ మాట. ఆయన్ని అందరూ కాటాయన అనేవాళ్లు. పోయి చాలా ఏళ్లయింది. పలకను కూడా పెకలించి పాత ఇనుముకు వేశారు.

రైల్వేలో గూడ్సు గార్డుగా రిటైరయిన కొత్తలో నాకు పొద్దు పోయేది కాదు. ఈ దేశం తినే బియ్యంలో సగం నా కళ్ల ముందే నడిచిపోయిందని చెప్పుకునేవాణ్ని. సగం కాదులెండి. నేను చూసిందంతా ముందున్న పెట్టె వెనక భాగమే. అయినా బరువుల సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదన్న ధీమాతో పొద్దున్నే కాటా గదికి పోయి బెంచీ మీద చేరేవాణ్ని. ఆయనకూ అదే ధీమా. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

లారీ ఇంకా రోడ్డు దిగకముందే ఆయన ఒక కన్ను మూసి, తల పక్కకు వాల్చి, బరువెంతో చెప్పేసేవాడు. ఆ చెప్పడంలో ఉన్న నిబ్బరం చూస్తే హైకోర్టు తీర్పు కూడా దాని ముందు చిన్నబోవాల్సిందే. తర్వాత తెర మీద అంకె పడేది. నేను ఎరిగినన్నాళ్లలో ఒక్కసారి కూడా రెండూ కలవలేదు. కలవనప్పుడల్లా తెర వైపు జాలిగా చూసి, "దీనికి ఈ పొద్దు కండ్లు సరిగ్గా కనపడల్యా సారూ" అనేవాడు. అని, మిషను చెప్పిన అంకెతోనే చీటీ తీసి, డ్రైవరు చేతిలో పెట్టి, "తూకం దేవునిది, చీటీ నాది" అనేవాడు. ప్రతి లారీకీ అదే మాట. డ్రైవర్లు ఆయన కంటే ముందే ఆ మాట అనేసి నవ్వుకుంటూ పోయేవాళ్లు.

ఇక అల్లుడి సంగతి. తూచే ప్రోగ్రాము దొంగతనంగా వాడుకోకుండా, దాన్ని అమ్మిన కంపెనీ చిటికెన వేలంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇచ్చింది. డాంగిల్ అంటారు. అది కంప్యూటరు వెనక గుచ్చి ఉన్నంతసేపే ప్రోగ్రాము నడుస్తుంది. తీస్తే కాటా చచ్చినట్టే. కొత్తలో బాగానే ఉండేది. వరసగా వానలు పోయిన ఏళ్లలో దానికి ఏదో తెగులు పట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే రెండు మెట్లు దిగేది. తెర మీద ఎర్ర గుండ్రంలో తెల్లటి ఇంటూ గుర్తు, కింద ఇంగ్లీషులో ఏదో చీవాట్లు. కాసేపటికి దానంతట అదే రెండు మెట్లు ఎక్కేది. మళ్లీ దిగేది.

"ఈయప్ప పని చేయడు, బరువు మోయడు, ఊరికే కూచోనుంటాడు" అని ఆయన నాకు విడమరిచి చెప్పాడొకసారి. "కానీ ఈయప్పకు కోపమొచ్చి లేసి పోతే ఇల్లంతా నిలబడిపోతాది. అల్లుడు గాకుంటే ఇంకేంది సారూ?"

అందుకని దాన్ని ఎన్నడూ తిట్టేవాడు కాదు. ఊడినప్పుడల్లా "పాయెరా అల్లుడు!" అని బల్ల కిందికి దూరి, కంప్యూటరు వెనక్కి మొహం పెట్టి, "రాప్పా అల్లుడా, మర్యాదలో ఏం తక్కువైందో చెప్పప్పా" అని బతిమాలేవాడు. తీసి నోటితో ఊదేవాడు. పంచె అంచుతో తుడిచేవాడు. ఇంకో రంధ్రంలో గుచ్చి చూసేవాడు. అగ్గిపెట్టె అట్ట మడిచి సందులో దోపాడు. నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. కంపెనీకి ఫోను చేస్తే అవతలివాళ్లు ఆపి మళ్లీ వేయమన్నారు, ప్రోగ్రాము మొత్తం తీసి మళ్లీ ఎక్కించమన్నారు, చివరికి కొత్త డాంగిల్ పంపించారు. కొత్తదీ అంతే. "పెద్దల్లుడు, చిన్నల్లుడు. ఇద్దరికీ ఒకటే అలక" అన్నాడాయన. వాళ్లావిడ గుమ్మంలో నిలబడి, "కూతురే లేని ఇంటికి అల్లుండ్లు ఇద్దరు" అంది.

ఆవిడ మాట అలాగే ఉండేది. పొడిగా, తిరుగులేకుండా. గది వెనకాలే వాళ్ల కాపురం. ఒక వంటగది, ఒక పందిరి, పందిరి కింద ఎర్రావు. పిల్లలు లేరు. ఆవు ఆవిడ పుట్టింటి నుంచి దూడగా వచ్చింది. ఆవిడ ఎవరినీ పేరు పెట్టి పిలవదు, ఆవునూ పిలవదు. బిందె చప్పుడు చేస్తే చాలు, అదే తల తిప్పేది.

కంప్యూటరు పెట్టెను ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి. నేను చెయ్యి వెనక్కు లాక్కుంటే ఆయన నవ్వేవాడు. "జివ్వుమంటే పాణముండాదని అర్థం సారూ. కరెంటు బలంగా వస్తాండాది." ఆ జివ్వుమనడంలోనే తెగులు దాగి ఉందని నాకు అప్పుడే తెలిసిపోయింది, ఇది ఎర్తింగు దోషమని ముందు చెప్పింది నేనే అని చాలామందికి చెప్పాను. ఈ కాగితం మీద అబద్ధం ఎందుకు? నేను చెప్పింది ఎలుక అని. ఎలుకే వైరు కొరుకుతోందని బల్లగుద్ది వాదించాను. ఆయన బోను కూడా తెచ్చి పెట్టాడు. పాపం, ఒక తొండ పడింది.

అలక ఆయన ఒక్కడి బాధ అయితే ఇది రాయాల్సిన పనే లేదు. ఆ ఏడు మేత లేదు. వేరుశనగ మొలవలేదు కాబట్టి పశువులు తినే శనగకట్టె కూడా రాలేదు. కణేకల్ వైపు కాలువ కింద పండిన వరిగడ్డి లారీల్లో తెచ్చి, మా కాటాకు కొంచెం ఎగువన డిపో పెట్టి రైతులకు ఇచ్చేవాళ్లు. డిపోలో లారీ దించాలంటే కంప్యూటరు చీటీ ఉండాల్సిందే. చేతిరాత చీటీ చెల్లదు. చీటీ రావాలంటే అల్లుడు గారు నిలకడగా కూర్చోవాలి. చిటికెన వేలంత ప్లాస్టిక్ ముక్క కోసం చుట్టుపక్కల ఊళ్ల పశువులు డిపో దగ్గర డొక్కలెగరేస్తూ నిలబడేవి.

ఒకనాడు వంద లారీలు నిలిచిపోయాయి. వంద అన్నది నా అలవాటు. ఏడో ఎనిమిదో. కానీ ఆ ఎండలో, ఆ రోడ్డు మీద, గడ్డి పొంగి రెండు పక్కలా వేలాడుతున్న ఏడు లారీలు ఎలా ఉంటాయో చూసినవాళ్లు నన్ను తప్పుపట్టరు. చీటీ సగం అచ్చవగానే డాంగిల్ పడిపోతోంది. సగం చీటీ డిపోలో చెల్లదు. విడపనకల్లు వైపు రైతొకడు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"ఏమప్పా కాటాయనా, గొడ్లు పొద్దన్నుంచి డిపో కాడ నిలబడుండాయి. నువ్వు ఈడ అల్లునికి హారతి పడతాండావా?"

"రెండు నిముషాలప్పా."

"రెండు నిముషాలని అద్దగంట నుంచి చెప్తాండావు. తెల్ల కాగితం మీద రాసియ్యి. నేను పోయి డిపో సారు కాళ్లు పట్టుకుంటా."

ఆయన రాసిచ్చాడు. తప్పని తెలిసీ రాసిచ్చాడు. రైతు లారీ వెంట పోయి, మళ్లీ లారీ వెంటే తిరిగి వచ్చాడు. ఈసారి తిట్టలేదు. గది మెట్టు మీద కూర్చుని, "చెల్లదంట" అన్నాడు. అంతే.

అప్పుడు కాటాయన బల్ల కిందికి దూరాడు. డాంగిల్‌ను బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. అదిమితే నిలుస్తుందని ఆయన నమ్మకం. నిజంగా నిలిచిందో, దానికే జాలి కలిగిందో, చీటీలు రావడం మొదలైంది. కింద పడుకుని ఆయన పట్టుకోవడం, పైన కూర్చుని నేను మీట నొక్కడం. లారీలు కదిలాయి. నేనూ ఆయనతో పాటు గంటల తరబడి పట్టుకున్నానని రాయబోయాను. ఒక్కసారి పట్టుకున్నాను. జివ్వుమంది. వదిలేసి కుర్చీలోకి వచ్చాను. పొద్దు వాలేదాకా ఆయన ఆ జివ్వుమనే దాన్ని పట్టుకునే పడుకున్నాడు. బయటికి వచ్చేసరికి వేలు నల్లబడి, మొద్దుబారి ఉంది. టీ సాసరులో పోసుకోబోతే ఒలికిపోయింది. నేలమీద పడ్డ టీని చూసి ఆవిడ, "అదొక్కటి మిగిలింది తాగేదానికి" అంది.

తర్వాత కంపెనీ సర్వీసు మనిషి బెంగుళూరు నుంచి రైలెక్కి వచ్చాడు. నడివయసు వాడు, మాట నెమ్మది. టెస్టరు తీసి కంప్యూటరు పెట్టెకు ఆనించాడు. చిన్న దీపం ఎర్రగా వెలిగింది. పెట్టెలోకి పారిన కరెంటు నేలలోకి దిగిపోవాలి, దిగడం లేదు, అందుకే డాంగిల్ ఉలిక్కిపడి ఊడుతోందని చెప్పాడు. ఎర్త్ గుంత ఎక్కడుందని అడిగాడు. కాటాయనకు తెలియదు. నాకు అసలే తెలియదు. అతనే వైరు పట్టుకుని గోడ వెంట నడిచి, వెనకవైపుకు పోయి, ఆవిడ గిన్నెలు తోముకునే సిమెంటు బండ దగ్గర ఆగాడు. బండ ఎత్తించాడు. కింద గుంత. కాటా కట్టినప్పుడు రాగి రేకు, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంత. లోపల మట్టి పిండిలా ఉంది.

"ఒణగి హోగిదె" అన్నాడు. కన్నడం మాకు కొత్త కాదు. ఎండిపోయింది అంటున్నాడు. "దినా ఒందు బిందిగె నీరు హాకి. స్వల్ప ఉప్పు కూడ." రోజూ ఒక బిందెడు నీళ్లు, కాస్త ఉప్పు. చెప్పి, సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు.

అతను రోడ్డు మలుపు తిరిగేదాకా ఆవిడ ఆగింది. "భూమి ఎండిపోయిందంట! ఇది చెప్పేదానికి బెంగుళూరు నుంచి రావల్లనా? మా నాయనను అడిగుంటే చెప్పునే!"

సంగతి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆవిడ ఆ బండ మీద గిన్నెలు తోమేది. కడిగిన నీళ్లు బండ అంచునుంచి గుంతలోకి దిగేవి. ఎవరికీ తెలియకుండా ఆవిడ గిన్నెల నీళ్లే కాటాను నడిపించాయి. నీళ్లు కరువై, ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు అన్నట్టయ్యాక, ఆవిడ గిన్నెలను బూడిదతో పొడిగా తోమి, చివర కడిగిన నీళ్లను చుక్క కింద పడకుండా బిందెలోకి వంపి ఆవుకు కుడితి పెట్టడం మొదలుపెట్టింది. గుంత తాగే నీళ్లు ఆవు తాగుతోంది. అప్పటినుంచే అల్లుడి అలక.

ఆ సాయంత్రం కాటాయన గుంతలో ఒక బిందె పోశాడు. అల్లుడు రెండు మెట్లు ఎక్కి కూర్చుని, మర్నాడు మధ్యాహ్నం దాకా కదలలేదు. కాటాయన సంతోషం చూడాలి! లారీ బరువు చెప్పడం కూడా మరిచిపోయాడు. మధ్యాహ్నానికి మట్టి ఎండింది. రెండు మెట్లు దిగింది.

"రోజూ పోయల్ల" అన్నాడు ఆవిడతో.

"ఏ నీళ్లు?"

ఆయన ఆవు వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి పడుతున్న పాటు కనపడుతూనే ఉంది.

"స్నానం నీళ్లు పోయొచ్చు కదమ్మా" అని నేను కలగజేసుకున్నాను.

"స్నానమా? తడిగుడ్డతో తుడుచుకుంటాండాం అన్నా. ఆ గుడ్డ పిండితే నీ అరచెయ్యి కూడా తడవదు."

నాకు ఊరుకోవడం చేతకాదు. ఇంకో ఉపాయం చెప్పాను. డ్రైవర్లు, క్లీనర్లు ఎలాగూ గోడ వెనక్కి పోతూనే ఉంటారు. ఆ పోయేదేదో ఈ గుంత దగ్గరే పోతే నీళ్లూ కలిసొస్తాయి, ఉప్పూ కలిసొస్తుంది అన్నాను. కాటాయన ఒక్క క్షణం ఆలోచనలో పడ్డాడు. ఆవిడ చీపురు అందుకుంది.

"నేను గిన్నెలు తోముకునే బండ మీదనా? గార్డన్నా, పెద్దోనివని చూస్తాండా!"

ఆ తర్వాత వారం నేను ఆవిడ ఉన్నప్పుడు గదిలోకి పోలేదు.

ఓనరు బళ్లారిలో ఉండేవాడు. నీళ్ల కోసం ఆయనకు ఫోను చేస్తే, కాటా చూసుకోలేకపోతే చూసుకునేవాళ్లు చాలామంది ఉన్నారని చెప్పాడట. డిపోలో అడిగితే గడ్డి మా పని, నీళ్లు మా పని కాదన్నారు. ట్యాంకరు వచ్చినప్పుడు ఇంటిముందు పోసే వంతు బిందెలు తప్ప వేరే దారి లేదు. అందులో తాగను, వండను పోగా మిగిలే ఒక్క బిందె మీద ఇద్దరు కూర్చున్నారు. పందిరి కింద ఒకరు, బండ కింద ఒకరు.

ఆయన సగం సగం చేశాడు. సగం బిందె గుంతకు చాలేది కాదు. సగం బిందె ఆవుకు చాలేది కాదు. పొద్దున నీళ్లు పోస్తే డాంగిల్ కొన్ని లారీలు తూచి పడిపోయేది. ఆవుకు పాలు ఎప్పుడో ఆగిపోయాయి. ఇప్పుడు లేచి నిలబడటానికి కూడా అది రెండుసార్లు ఆలోచించేది. డిపోలో గడ్డి ఉంది, పక్కనే ఉంది, దానికి దొరుకుతూనే ఉంది. ఎండు గడ్డి నమలడానికి నోట్లో తడి ఉండాలి కదా. పరక నోట్లో పెట్టుకుని అలాగే నిలబడేది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. లారీలు బారుగా వచ్చే రోజని ఆయన బిందె మొత్తం గుంతలో పోశాడు. గుప్పెడు రాళ్ల ఉప్పు వేశాడు. ఆవిడ చూసి, ఖాళీ బిందె అందుకుని వంటగదిలోకి పోయింది. మేం గదిలోకి వచ్చి చీటీలు తీయడంలో పడ్డాం. కాసేపటికి వెనకనుంచి ఆవిడ కేక వినపడింది. మాటలు లేవు ఆ కేకలో. పరుగెత్తాం.

ఆవు తాడు తెంపుకుని వచ్చింది. సరిగ్గా మూయని బండను మోరతో పక్కకు తోసి, మోకాళ్ల మీద వంగి, గుంతలోని తడి బురదను నాకుతోంది. ఉప్పు బురద. నాలుక తెల్లగా అయిపోయింది. ఆవిడ కొమ్ములు పట్టుకుని లాగుతోంది, అది రావడం లేదు. నాకినకొద్దీ దప్పిక పెరుగుతుంది, దప్పిక పెరిగే కొద్దీ నాకుతుంది. నేనూ ఆయనా కలిసి లాగాం. నా బలం వల్లే వచ్చిందని రాయను. అది అలిసిపోయి వచ్చింది.

ముందు గదిలో ప్రింటరు చీటీ తీస్తున్న చప్పుడు. అల్లుడు నిలకడగా ఉన్నాడు. బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కాటాయన లోపలికి పోయాడు. చీటీ చించి డ్రైవరు చేతిలో పెట్టాడు. తూకం దేవునిదని అనలేదు. డ్రైవరే అలవాటుగా అని, ఆయన మొహంలోకి చూశాడు.

ఆ డ్రైవరుది కణేకల్. గడ్డి దించి ఖాళీ లారీతో తిరిగిపోయేటప్పుడు కాటా దగ్గర ఆగి, సంగతి కనుక్కున్నాడు.

"ఆవును మా ఊరికి తోలియ్యన్నా. మా ఇంటి ముందరే కాలువ. మా గొడ్లతో పాటు ఉంటాది" అన్నాడు.

కాటాయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తాడు ముడి విప్పి డ్రైవరు చేతికిచ్చింది. మట్టి గట్టుకు లారీ వెనక భాగం ఆనించి ఆవును ఎక్కించారు. ఎక్కే ముందు అది తల తిప్పి చూసింది. ఎవరి చేతిలోనైనా బిందె ఉందేమోనని కాబోలు.

ఆ ఆవు కాలువ గట్టున పచ్చిక మేసి, ఈని, పాలిచ్చి, మళ్లీ ఒకనాడు పందిరి కిందికి తిరిగి వచ్చిందని రాయాలని నా చెయ్యి పీకుతోంది. పెద్ద పెద్ద కళ్లు, మెడలో గంట, పక్కన చెంగున గెంతే దూడ. అదంతా నాకు బాగా వచ్చు. కానీ ఆ డ్రైవరు మళ్లీ గడ్డి లారీతో వచ్చినప్పుడు కాటాకు ఎక్కకుండా రోడ్డు మీదే నిలిపి, దిగి, గది దాకా నడిచి వచ్చాడు. కాలువకు నీళ్లు వదలడం ఆపేశారన్నాడు. వాళ్ల గొడ్లనే వాళ్ల నాయన సంతకు తోలాడన్నాడు. "నీ ఎర్రావును కూడా వాటితోనే..." అని, మిగతా మాట మింగేశాడు.

"సరేలేప్పా. బండి పలక మీదికి ఎక్కించు" అన్నాడు కాటాయన.

ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

మర్నాడు పొద్దున్నే నేను పోయేసరికి ఆవిడ వెనక గుంత దగ్గర ఉంది. గిన్నెలు కడిగిన నీళ్లతో నిండిన బిందె, మొత్తం బిందె, సగం కాదు, నడుము మీదనుంచి దించి గుంతలోకి వంపింది. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ప్రతి పొద్దునా అంతే. డాంగిల్ మళ్లీ ఒక్కసారి కూడా ఊడలేదు. లారీలు ఆగలేదు, చీటీ సగంలో చిరగలేదు. ఓనరు బళ్లారి నుంచి వచ్చి, చూసుకుని, మెచ్చుకుని పోయాడు.

"ఇప్పుడు బాగుండాది సారూ" అన్నాడు కాటాయన నాతో ఒకసారి, అడగకుండానే. లారీ బరువు ముందుగా చెప్పే అలవాటు మానేశాడు. దాన్ని అల్లుడని పిలవడమూ మానేశాడు.

వెనక బిందె వంపుతున్న చప్పుడు మొదలైతే తెర వైపుకు ఇంకాస్త వంగి, లేని లారీ కోసం అంకెలు చూస్తూ కూర్చునేవాడు. గుంతలోకి నీళ్లు ఇంకేదాకా ఆవిడ అక్కడే నిలబడేది. తర్వాత ఖాళీ బిందె తీసుకుని, పందిరి వైపు నుంచి కాకుండా గోడ చుట్టూ తిరిగి ఇంట్లోకి పోయేది.